ఇరవై ఆరు హ్యాండిళ్ళు

మేమిద్దరం విడిపోతున్నామని ఎదురింటావిడ కుట్టుమిషన్ ఆవిడతో చెప్పిందట. కుట్టుమిషన్ ఆవిడ నా చేతిసంచీకి జిప్పు వేస్తూ ఆ మాట నా చెవిన వేసింది.

"ముందు ఆయన సామాను పోతోందటండీ. రోజుకో సైకిలు గేటు దాటుతోందట. సైకిళ్ళు అయిపోయాక ఆయనే దాటుతాడట. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి ఇప్పుడిదేం పోయేకాలమో అని ఆవిడ ఒకటే బాధ పడిపోతోంది."

"బాధపడుతోందా, సంబరపడుతోందా?"

ఆవిడ దారం పళ్ళతో పుటుక్కున తెంపి, కాస్త ఆలోచించి, "రెండూ ఉన్నట్టున్నాయండీ" అంది.

ఎదురింటావిణ్ణి తప్పు పట్టలేను. మా ఇంట్లోకి సైకిలు రావడమే గాని, మా ఇంట్లోంచి సైకిలు పోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. మా ఆయన నూలు మిల్లులో ఫిట్టరు. ఎక్కడ ఏ పాత సైకిలు తుప్పు పడుతోందని తెలిసినా, ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్ళి, సాయంత్రానికి దాన్ని నడిపించుకుంటూ వచ్చేవాడు. తప్పిపోయిన పశువుని ఇంటికి తోలుకొస్తున్న రైతు మొహంలో ఉండే నిదానం ఆయన మొహంలో ఉండేది. నెలా రెండు నెలలు దాని తుప్పు గోకి, రంగు వేసి, బేరింగులు కడిగి, బెల్లు మోగేదాకా కూచునేవాడు. ఆ తర్వాత దాన్ని తొక్కేవాడా అంటే, లేదు. తొక్కడానికి ఒక మామూలు సైకిలు వాకిట్లో వేరే ఉండేది. అది లెక్కలోది కాదు.

లెక్కలోవి ఇరవై ఆరు. మేడ మెట్ల కింది గదిలో పద్దెనిమిది, హాల్లో నాలుగు, మెట్ల గోడకి వేలాడుతూ మూడు, వంటింటి తలుపు వెనక ఒకటి. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వాళ్ళ పేరే దానికి. పోస్టుమాను, పాలాయన, ఫోటోగ్రాఫరు, సర్కస్, చిన్న మేష్టారు, పెద్ద మేష్టారు. కొత్తగా వచ్చిన వాళ్ళు మా మాటలు వింటే హడలిపోయేవాళ్ళు. "పెద్ద మేష్టారు ఒంటి నిండా దుమ్మేనే, గుడ్డ పెట్టి తుడవకపోయావా?" అనేవాడు మా ఆయన వంటింట్లోకి వినబడేలా. "నాకు తీరిక లేదు. పాలాయన్ని తలుపు వెనక నుంచి తీస్తే గాని చీపురు అందడం లేదు, ముందు అది చూడండి" అనేదాన్ని నేను.

ఒక్క గదిలో పద్దెనిమిది సైకిళ్ళు ఎలా పట్టాయంటే, దానికో పద్ధతుంది. హ్యాండిలు బోల్టు వదులు చేసి, హ్యాండిలుని అడ్డంగా ఉన్నదాన్ని నిలువుగా, చక్రంతో పాటు ఒకే వరసలోకి తిప్పేసి, మళ్ళీ బిగించేయాలి. అప్పుడు సైకిలు పలకలా సన్నగా అయిపోతుంది. గోడకి ఒకదాని మీద ఒకటి ఆనించొచ్చు, కొక్కేనికి తగిలించొచ్చు. మా ఆయన దాన్ని "మెడ తిప్పడం" అనేవాడు. మా ఇంటికొచ్చిన ప్రతి సైకిలుకీ, తళతళలాడేలా తయారయ్యాక, చివర్న జరిగేది అదే. మెడ తిప్పిన సైకిలు మీద ఎవడూ ఎక్కలేడు. ఎక్కినా ఎటు పోతాడో వాడికే తెలియదు.

ఆ ఏడు నేను పాఠాలు చెప్పే స్కూలుకి ఎండాకాలం సెలవులిచ్చిన మూడో రోజున మా వదిన మెట్ల మీంచి పడింది.

వదినంటే మా ఆయన అక్క. ఆయనకన్నా పదకొండేళ్ళు పెద్ద. కాన్పులు చేసే నర్సుగా ఊళ్ళూ వాడలూ సైకిలు మీద తిరిగిన మనిషి. తల్లి లేని తమ్ముణ్ణి తనే పెంచి, చదివించి, మిల్లులో చేర్పించి, నాకు అంటగట్టింది. ఆ చివరి మాట నాది కాదు, ఆవిడదే. పుస్తకాల షాపు మీద రెండో అంతస్తులో రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు. నడక మళ్ళీ నేర్పించే వార్డులో ఆరు వారాలుండాలన్నారు. ఆరు వారాల తర్వాత ఏమిటన్నది డాక్టరు మా ముగ్గురినీ చూస్తూ చెప్పాడు.

"వాకరుతో నడుస్తారు. మెట్లు మాత్రం ఇక మర్చిపోండి."

"మా ఇంటికి తీసుకెళ్తాం" అన్నాడు మా ఆయన, డాక్టరు మాట పూర్తి కాకుండానే.

"ఎక్కడ పడుకోబెడతావురా నన్ను?" అంది వదిన మంచం మీంచి. "పోస్టుమానుకీ పాలాయనకీ మధ్యనా?"

సెలైను మారుస్తున్న నర్సు చెయ్యి ఆగిపోయింది. వివరం చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది.

"కింది గది ఖాళీ చేస్తానక్కా."

"నువ్వా?"

"నేనే."

"వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు కలపడానికే గంట ఆలోచిస్తావు. నా కోసం నీ సామాను బయట పెట్టొద్దు. షాపువాడి మెట్ల పక్కన గోదాములాంటిది ఒకటుంది. అడుగుతాను. నా సంగతి నేను చూసుకుంటాను." గోడ వైపు తిరగబోయింది. తుంటి తిరగనివ్వలేదు. పైకి చూస్తూ పడుకుంది. కప్పు చూస్తూ పడుకున్న మనిషి కళ్ళు తుడుచుకుంటే ఎదుటివాళ్ళకి తెలిసిపోతుంది. అందుకని తుడుచుకోలేదు.

బస్సులో మా ఆయన నన్నడిగాడు. "పద్దెనిమిదిలో ఎన్ని తీస్తే ఒక మంచం పడుతుందే?"

నేను లెక్కల టీచర్ని కదా. "పద్దెనిమిది" అన్నాను.

"ఛ. సరిగ్గా చెప్పు."

"సరిగ్గానే చెప్పాను."

మిగతా దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. ఎదురుగా వచ్చే ప్రతి సైకిలునీ మెడ తిప్పి మరీ చూశాడు.

*

మర్నాడు గేటుకి అట్ట కట్టాడు. "పాత సైకిళ్ళు ఇవ్వబడును. అమ్మకానికి కాదు. ఇక్కడి నుంచి తొక్కుకుంటూ వెళ్ళేవారికి మాత్రమే." ఆఖరి వాక్యం కింద ఎర్ర గీత.

మొట్టమొదట వచ్చినవాడు పాత సామాన్ల వ్యాపారి. వాకిట్లో నిలబడే లోపలికి తొంగి చూసి, పెదాలు తడుపుకున్నాడు. "మొత్తం నేనే తీసుకెళ్తాను గురువుగారూ. మీకు శ్రమ ఉండదు. వ్యాను తెచ్చాను."

"తొక్కుతావా?"

"ఇన్ని ఎలా తొక్కుతానండీ, వ్యానులో వేసుకుని..."

"వ్యానులో ఎక్కేది సైకిలు కాదు బాబూ, శవం. వెళ్ళిరా."

మొదటగా పోయింది వంటింటి తలుపు వెనక సైకిలు, పాలాయన. దాన్ని కూరగాయల బండి ఆయన కూతురు తీసుకుంది. కాలేజీలో చేరబోతోందట. మా ఆయన పాలాయన్ని వాకిట్లోకి తెచ్చి, ముందు చక్రం మోకాళ్ళ మధ్య బిగించి పట్టి, పానా పెట్టి బోల్టు వదులు చేశాడు. హ్యాండిలు కిర్రుమంది. అడ్డంగా తిరిగింది. అన్నాళ్ళూ గోడ వైపు మొహం పెట్టుకున్నది ఒక్కసారిగా మనుషుల వైపు చూసినట్టయింది. ఆ పిల్లని పక్కన నిలబెట్టి, సీటు ఆమె తుంటి దాకా ఎత్తి బిగించాడు. చెయినుకి నూనె వేశాడు. బ్రేకులు నొక్కి చూశాడు. బెల్లు మోగించాడు. ఇదంతా ముప్పావుగంట. ఆ పిల్ల ఎక్కి పోయింది. వీధి చివర మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే ఉండి, లోపలికొచ్చి, నిండా ఒక చెంబుడు నీళ్ళు తాగాడు. అప్పటికే చీపురు నాకు చేతికందింది.

అలా మొదలైంది. రెండు రోజులకొకటి, ఒక్కోసారి ఒకే రోజు రెండు. ఎవరికీ రెండు ఇవ్వడు. ఎవరికి ఏది నప్పుతుందో ఆయనే చెప్తాడు. "మీకు ఫోటోగ్రాఫరు వద్దు, మీ నడుముకి పనికిరాదు. చిన్న మేష్టార్ని తీసుకెళ్ళండి, మెత్తటి మనిషి" అనేవాడు బ్యాంకు గుమాస్తాతో. బ్యాంకు గుమాస్తా నా వైపు చూసేవాడు. నేను తలూపేదాన్ని.

సర్కస్ కోసం కాఫీ హోటలు యజమాని వచ్చాడు. మనిషి ఇంతలావు. దాన్ని హోటల్లో గోడకి తగిలించుకుంటాడట, ఎర్రరంగూ పొడుగాటి హ్యాండిలూ దారిన పోయేవాళ్ళని లాగుతాయట.

"గోడకి మా ఇంట్లోనూ వేలాడుతోంది. దానికి మీ దాకా ఎందుకు రావడం?"

"ఎంతైనా ఇస్తానండీ."

"అట్ట చదివారుగా. తొక్కండి, తీసుకెళ్ళండి."

పెద్దమనిషి చిన్నప్పుడెప్పుడూ సైకిలెక్కలేదట. అయినా రోషపడి ఎక్కాడు. ఎదురింటావిడ గుమ్మంలో చేటతో నిలబడి చూస్తోంది. పది బారలు బాగానే పోయాడు. పదకొండో బారలో కాలవ ఉంది. మా ఆయన పరుగెత్తి సైకిలుని లేపాడు. నేను పరుగెత్తి మనిషిని లేపాను. మోచేతినిండా బురద. "పర్లేదండీ, పర్లేదండీ" అంటూనే వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాం. పదకొండు రోజుల తర్వాత ఒకనాడు తెల్లారగట్ల గేటు చప్పుడైంది. మోచేతికి కట్టుతో ఆయనే. "ఇప్పుడు చూడండి" అన్నాడు. చిన్నపిల్లాడిలా నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, వీధి చివరి దాకా పోయి, తిరిగి రాకుండానే పోయాడు. సర్కస్ అలా పోయింది. ఆ రోజు మా ఆయన నీళ్ళు తాగలేదు. కూచుని పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో కళ్ళు తుడుచుకుంటే ఎవరికీ అనుమానం రాదు.

నెల దాటేసరికి ఇరవై పోయాయి. హాల్లో మాట్లాడితే గొంతు మోగడం మొదలైంది. కింది గదికి కిటికీ ఉందన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. దాని తలుపులు పధ్నాలుగేళ్ళుగా తెరవలేదు.

ఆరు మిగిలాయి. మిగిలాయి అనడం కన్నా ఆయన ఆగిపోయాడు అనడం నిజం. ఎవరైనా వస్తే, "ఇంకెక్కడివండీ, అయిపోయాయి" అని పంపేస్తున్నాడు. అట్ట విప్పేశాడు.

"హాలూ మెట్ల దారీ ఖాళీగా ఉండాలి, అక్క తిరుగుతుంది. ఈ ఆరూ ఇక్కడే గోడవారగా ఉంటాయి. మెడలు తిప్పే ఉన్నాయిగా. ఇటు మంచం, మధ్యలో దారి. నేను కొలిచాను. అక్క వాకరు మూడు జానలు, దారి నాలుగు జానలు. ఇంకా జానెడు మిగులే."

ఆ ఆరింట్లో పోస్టుమాను ఉంది. పెద్ద మేష్టారుంది. వదిన కాన్పులకి తిరిగిన సైకిలు ఉంది. వెనక పనిముట్ల పెట్టె బిగించే చట్రంతో, అందరికన్నా గోడకి దగ్గరగా. దాని పేరు "నర్సు". ఆయన తెచ్చిన మొదటి సైకిలు అదే. తక్కినవన్నీ దాని వెనకాల వచ్చినవే.

"జానెడు మిగులు సరే. మీ అక్క జానెడు మనిషా?"

"ఏదీ, నడిచి చూపిస్తాను ఉండు" అన్నాడు. ఎదురింటివాళ్ళ అత్తగారి వాకరు ఒకటి అటక మీద ఉందట, అడిగి తెచ్చాడు. దాంతో పాటు ఎదురింటావిడ కూడా వచ్చింది, మా ఇద్దరిలో ఎవరికి ఏమైందో చూసిపోదామని. ఇద్దరమూ నిలబడే ఉండటంతో కొంచెం నిరాశపడి వెళ్ళింది.

నేను పొడుగులో వదినంతే ఉంటాను. అందుకని, ఆయన మంచం తెచ్చి దాని చోట వేశాక, నడవాల్సింది నేనయ్యాను. వాకరు ముందుకి వేసి, అడుగు వేసి, మళ్ళీ వాకరు. గుమ్మం నుంచి కిటికీ దాకా చక్కగా వెళ్ళాను. "చూశావా!" అన్నాడు ఆయన. ఆయన మొహంలో వెలుగు చూసి నాకూ నమ్మబుద్ధయింది.

"ఇప్పుడు వెనక్కి రా."

తిరగబోయాను. వాకరు కాలు పోస్టుమాను పెడలుకి తగులుకుంది. లాక్కున్నాను. పోస్టుమాను పెద్ద మేష్టారి మీద పడింది, పెద్ద మేష్టారు పక్కదాని మీద పడింది, ఒకదాని మీద ఒకటి ఆరూ వరసగా కూలి, ఆ ఊపులో వాకరూ నేనూ కింద పడ్డాం. మోకాలు మంచం కోడుకి కొట్టుకుంది.

ఆయన ఒక్క అంగలో వచ్చాడు. వంగాడు. పోస్టుమాన్ని లేపాడు.

"మడ్‌గార్డు సొట్టపోయిందే" అన్నాడు.

నేను నేల మీంచి ఆయన్ని చూస్తూ ఉండిపోయాను. ఆయనకి అప్పుడు తెలిసింది. సైకిలు వదిలేసి నా చెయ్యి పట్టుకోబోయాడు. సైకిలు మళ్ళీ పడింది. నేనే లేచాను.

ఆ సాయంత్రం మోకాలికి తడిగుడ్డ కట్టుకుని మెట్ల మీద కూచుంటే, వచ్చి రెండు మెట్లు కింద కూచున్నాడు. చాలాసేపు పానాతో గోరు గీక్కుంటూ ఉండి, "కుట్టుమిషన్ ఆవిడ పక్కన కింది వాటా ఖాళీగా ఉందట. నాలుగడుగులే. పొద్దునా సాయంత్రం మనం వెళ్ళొచ్చు. అక్కకీ తన ఇల్లు తనకున్నట్టు ఉంటుంది" అన్నాడు.

కోపమొస్తే నేను కేకలెయ్యను. స్కూల్లో పిల్లలకి ఆ సంగతి బాగా తెలుసు.

"చాలా బావుంది. ఆ మాట మీ అక్కతో మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతాను గాని నోరు విప్పను."

*

మర్నాడు వెళ్ళాం. వదిన మంచం మీద లేదు. నడక నేర్పించే హాల్లో ఉందన్నారు. ఆ హాల్లో ఒక గోడంతా అద్దం. నలుగురైదుగురు నడుస్తున్నారు. వాళ్ళ మధ్య మా వదిన, వాకరు పట్టుకుని, గడ్డం పైకెత్తుకుని, ఎవరిదో బాకీ వసూలుకి వెళ్తున్నట్టు వస్తోంది. పక్కన నడిపించే అమ్మాయి.

"బ్రహ్మాండం అమ్మమ్మా. ఇప్పుడు తిరగండి."

వదిన ఆగింది. వాకరుని ఒక్క బెత్తెడు పక్కకి జరిపింది. ఒక కాలు జరిపింది. రెండో కాలు. మళ్ళీ వాకరు బెత్తెడు. మళ్ళీ ఒక కాలు. పెదవి పంటి కింద ఉంది. ముంజేతుల మీద నరాలు తాళ్ళలా లేచాయి. సగం తిరిగేసరికి అద్దంలో మమ్మల్ని చూసింది.

"ఏం చూస్తున్నావురా గుడ్లప్పగించి? సైకిలు మలుపు తిప్పడం అనుకున్నావా?"

"మాట్లాడకండి అమ్మమ్మా, కాళ్ళ మీద దృష్టి పెట్టండి."

"కాళ్ళు నావేనమ్మా, ఎక్కడికీ పోవు."

మా ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏమిటా అని చూస్తే లెక్కపెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. వెనక్కి తిరగడానికి వదినకి పధ్నాలుగు అడుగులు పట్టాయి. తిరిగిన మేర చాలా పెద్దది. వాకరు కాళ్ళు నేల మీద ఒక పెద్ద సున్నా చుట్టాయి.

కుర్చీలో కూచోబెట్టాక, ఊపిరి కూడదీసుకుని, వదిన నా వైపు చూసింది. తర్వాత తమ్ముడి వైపు చూసింది. పెంచిన మనిషి కదా, మొహం చూస్తే చాలు.

"ఏదో చెప్పడానికి వచ్చావు. చెప్పు."

నేను అన్న మాట ప్రకారం నోరు విప్పలేదు. ఆయన చొక్కా జేబులోంచి చిన్న కొలతల పుస్తకం తీశాడు. చూశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఏం లేదక్కా. మంచం కిటికీ వైపు వెయ్యనా, తలుపు వైపు వెయ్యనా అని."

ఆస్పత్రి గౌనుకి కొంగు ఉండదు గనక, వదిన వాకరుకి కట్టిన తువ్వాలు తీసుకుని మెడ తుడుచుకుంది.

"తలుపు వైపు వెయ్యి. ఎవరొచ్చారో ఎవరు పోయారో తెలియాలి కదా. ఎప్పుడూ గోడలు చూస్తూ పడుంటానా ఏం?"

ఇంటికొచ్చాక నేను బజారుకి వెళ్ళాను. గంటలో తిరిగొచ్చేసరికి కింది గదిలో లైటు వేసి ఉంది. ఆరు సైకిళ్ళూ గది మధ్యలో స్టాండ్ల మీద నిలబడి ఉన్నాయి. ఆరింటి హ్యాండిళ్ళూ అడ్డంగా తిరిగి ఉన్నాయి. ఆయన పోస్టుమాను మడ్‌గార్డు విప్పి, వెనక నుంచి చెక్కసుత్తితో మెల్లిగా కొడుతూ సొట్ట తీస్తున్నాడు. నన్ను చూసి, "మోకాలెలా ఉంది?" అన్నాడు.

"సొట్ట పోయింది" అన్నాను.

*

నాలుగు రోజుల్లో అయిదు పోయాయి. పోస్టుమాను ఒక పోస్టుమాన్‌కే పోయింది. రిటైరైన ఆయన. సీటు ఎత్తాల్సిన పని కూడా పడలేదు. నర్సు ఒక్కటే నిలిచింది.

"ఇది మాత్రం అక్కది" అన్నాడు మా ఆయన. "అక్కని అడగకుండా నేనెలా ఇస్తాను? ఉంచమంటుంది. నువ్వు అడుగు." వాకిట్లో చూరు కింద దానికి చోటు కూడా చూసి పెట్టాడు.

నేను వెళ్ళి అడిగాను. వదిన నారింజ తొన వలుస్తోంది.

"అది ఇంకా ఉందా?"

"ఉండటమేమిటి వదినా, మెరిసిపోతోంది. అందులో మొహం చూసుకోవచ్చు."

"నేను తొక్కేటప్పుడు ఒక్కనాడూ మెరవలేదే మరి." నోట్లో తొన వేసుకుని నవ్వింది. "వానాకాలం అంతా దాన్ని నేను భుజాన మోశానే గాని, అది నన్ను మోసిందేం లేదు. ఎవరికో నొప్పులొస్తున్నాయంటే బురదలో దాని చెయిను ఊడేది. చేతులకి నూనె మరకలతోనే పోయేదాన్ని. పుట్టిన పిల్లలకంటే ముందు నా చేతులకి స్నానం చేయించేవాళ్ళు." ఇంకో తొన వలిచింది. "వాడికి అదంటే ఎందుకంత ఇదో నాకు తెలుసులే. నా వెనక దాని మీద కూచుని బడికొచ్చేవాడు. నా నడుం పట్టుకుని, వీపుకి చెవి ఆనించి కూచునేవాడు. వాడి సైకిలు వేరే, నా సైకిలు వేరే."

"మరి ఏం చేద్దాం?"

"ఇక్కడ ఆయా ఉంది చూడు, ఆ పొడుగు మనిషి. రోజూ గంట నడిచొస్తుంది, గంట నడిచిపోతుంది. నా మంచం పక్కన ఎన్నిసార్లు వంగి లేచిందో దానికీ తెలియదు, నాకూ తెలియదు. దానికియ్యమను."

ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను. నడుం పట్టుకుని కూచునేవాడన్న మాట చెప్పలేదు. ఆయన గుడ్డ తీసుకుని అప్పటికే శుభ్రంగా ఉన్న సైకిలుని మళ్ళీ తుడిచాడు.

ఆదివారం ఆయా వచ్చింది. గుమ్మానికి తల తగులుతుందేమోనన్నంత పొడుగు. మా ఆయన సీటు ఎత్తాడు. "ఇంకొంచెం బాబూ" అంది. ఇంకా ఎత్తాడు. "ఇంకా." సీటు కాడ మీద పాత గీత ఒకటుంది, వదిన పొడుగుకి పెట్టుకున్న గుర్తు. గీత దాటించి, రెండు వేళ్ళ మేర పైకి జరిపి, బిగించాడు. ఆయా ఎక్కింది. పది బారలు పోయి, కాలవ పక్కనుంచి చక్కగా తిప్పుకుని వచ్చి, మళ్ళీ మా ముందు ఆగింది.

"ఈ వెనక చట్రం తీసెయ్యనా? పెట్టె పెట్టుకునేది. నీకు పనికి రాదు" అన్నాడు మా ఆయన. ఆ చట్రమైనా ఉంచుకుందామని ఆయన ఆశ. నాకు తెలిసింది.

"ఉండనియ్యి బాబూ. మా అమ్మాయిని కూచోబెట్టుకుంటాను" అందామె.

ఆయన పానా కిందికి దించాడు. చట్రం నాలుగు బోల్టులూ ఒక్కొక్కటే గట్టిగా బిగించి చూశాడు. పిల్ల కూచునేటప్పుడు గుచ్చుకోకుండా పాత దుప్పటి ముక్క మడిచి, దాని మీద కట్టాడు. ఆయా వీధి చివర మలుపు తిరిగింది. ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. నేను చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి అక్కడే ఇచ్చాను.

"బ్రేకు బాగా పడుతోంది" అన్నాడు తాగి.

*

వదిన వచ్చిన రోజున మొదటి వాన పడింది. మర్నాడు మా స్కూలు తెరుస్తారు. కారు గేటు దగ్గర ఆగితే, ఎదురింటావిడ గొడుగు పట్టుకుని తనే పరుగెత్తుకొచ్చింది. వదిన వాకరు వేసుకుంటూ వాకిలి దాటి, హాలు దాటి, కింది గది గుమ్మంలో ఆగింది.

గదికి సున్నం కొట్టించాం. అయినా గోడ మీద నడుం ఎత్తున హ్యాండిళ్ళ రబ్బరు రాసుకున్న నల్లటి చారలు లీలగా కనబడుతూనే ఉన్నాయి. తల ఎత్తున రెండు వరసలుగా ఇనుప కొక్కేలు. తలుపు వైపు మంచం. కిటికీ తెరిచి ఉంది. గది మధ్య అంతా ఖాళీ.

వదిన కిటికీ దాకా వెళ్ళింది. వాన చూసింది. అప్పుడు తిరగడం మొదలుపెట్టింది. వాకరు బెత్తెడు, ఒక కాలు, రెండో కాలు. మేమిద్దరం గుమ్మంలోనే నిలబడి చూశాం. దేనికీ తగలకుండా పూర్తిగా తిరిగి, మా ఎదురుగా నిలబడి, "ఏమిటలా నిలబడ్డారు, నాకేమైనా బహుమతి ఇస్తారా?" అంది.

నేను టీ పెట్టుకొచ్చేసరికి ఆవిడ మంచం మీద దిండుకి ఆనుకుని కూచుంది. వాన జోరందుకుంది. మా ఆయన ఒకచోట నిలవలేకపోతున్నాడు. కిటికీ రెక్క గడియ పెట్టాడు, తీశాడు. మంచం కోడు కింద అట్టముక్క పెట్టాడు. ఇంకేం చేయాలో తోచక, స్టూలు తెచ్చి గోడవార వేసుకుని, పట్టకారు తీసుకుని ఎక్కాడు.

"ఈ కొక్కేలు పీకేసి చిల్లులు పూడ్చేస్తానక్కా. గోడ నీటుగా ఉంటుంది. నీ ఫోటోలవీ తగిలించుకోవచ్చు."

వదిన టీ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని, స్టూలు మీది తమ్ముణ్ణి కాసేపు చూసింది.

"వాటి జోలికి పోకురా. నేను పోయాక మళ్ళీ నీకు కావాలి కదా."